అలవాటుకాపరి

చంద్రుడి మీది శ్వేతనగరంలో గాలి, నీళ్లు, లిఫ్టులు అన్నీ నెట్‌వర్క్ మీదే నడుస్తాయి. అందుకే అక్కడ నెట్‌వర్క్ ప్రాక్టికల్ పరీక్ష పాసైనవాళ్లకే నెట్‌వర్క్‌ను కలిపే స్విచ్ పెట్టెను ముట్టుకునే హక్కు. వైజయంతి రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఇక పరీక్షకు రానివ్వరు.

పాఠం రాక కాదు, అలవాటు కొద్దీ తప్పింది. స్విచ్‌లో నెట్‌వర్క్ కొత్త విభాగాన్ని చేర్చేటప్పుడు ‘యాడ్’ అన్న చిన్న మాట కొట్టకపోతే కొత్తది మాత్రం నిలిచి, పాతవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పరీక్ష అక్కడితో సరి. ఆమె వేళ్లు ఆ మాటనే దాటేసేవి.

శిక్షణలో పక్క బల్ల సునంద వేళ్లు దాటవు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల! అందరూ ఆమెను మెచ్చుకుంటుంటే వైజయంతి కళ్లల్లో నిప్పులు పోసుకునేది. కడుపుమంటకు చంద్రుడి మీదా మందు లేదు.

చేతి అలవాటుకు మాత్రం డాక్టర్ పెద్దిరాజు మందు కనిపెట్టారు. దాని పేరు అలవాటుకాపరి. చూడ్డానికి పల్చటి గ్లౌజు. మెదడు నుంచి వేళ్లకు వెళ్లే నాడీ సంకేతాలను చదివి, ఆలోచన కంటే ముందు వేలు కదిలితే చురుక్కుమనిపిస్తుంది. దానికో చిన్న కెమెరా, గొంతు కూడా ఉన్నాయి.

"నెల రోజులు తొడుక్కోమ్మా. తప్పు ఎక్కడ పుడుతోందో అదే పట్టిస్తుంది," అన్నారాయన.

"సునందకూ ఇచ్చారా సార్?"

"అడిగాను. అక్కర్లేదంది."

వైజయంతి మొహం మాడిపోయింది.

రేపు పరీక్ష అనగా కాపరి లెక్క చెప్పింది. "మీరు నాలుగు వందల పన్నెండు తప్పులు చేశారు. దాదాపు అన్నిటికీ ముందు ఒకటే అలవాటు."

"యాడ్ మరిచిపోవడమేగా?"

"కాదు. కుడివైపు తల తిప్పడం. సునంద తెర చూస్తారు. ఆమె ముందుందని తెలియగానే మీ వేళ్లు తొందరపడతాయి. ఆమె సెలవు పెట్టిన నాలుగు రోజుల్లో మీరు ఒక్క తప్పూ చెయ్యలేదు."

వైజయంతికి తల కొట్టేసినట్టయింది. కాసేపటికి కొండంత ఊరట కలిగింది. పరీక్షలో ఎవరి గది వాళ్లది, మధ్యన గోడ!

మర్నాడు గ్లౌజు బయటే తీయించారు. "ఆల్ ది బెస్ట్ అక్కా," అంది సునంద పక్క గదిలోకి వెళ్తూ. వైజయంతి నవ్వింది.

ఆరు ప్రశ్నలు నల్లేరు మీద బండిలా సాగిపోయాయి. ఏడోది విభాగాన్ని చేర్చడం. వైజయంతి మొదలుపెడుతూ కుడివైపు గోడ చూసింది. ఈపాటికి ఆ పిల్ల ఎన్నో ప్రశ్నలో ఉందో అనుకుంది.

చెయ్యి చురుక్కుమనలేదు. తెర మీద పాత విభాగాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.