ఎర్ర దుప్పటి ఎక్కిన ఒంటె

"నా దుప్పటి దించు!"

ఇంట్లో ఉప్పు అడగాలన్నా గొంతు పెగలని నేను, లఖ్దర్‌తో అన్న మొదటి మాట అది.

రెండు చలికాలాలు మగ్గం ముందు కూర్చుని నేసిన ఎర్ర ఉన్ని దుప్పటి. ఉతికి గోడ మీద ఆరేశాను. ఒంటెల బిడారు బొమ్మ వేయడానికి ఫ్రాన్సు నుంచి మా ఎడారి ఊరు బూసాదాకు వచ్చిన దొరకు ఆ ఎరుపు నచ్చిందట. తీయించి, బిడారు తోలే కుర్రాడు లఖ్దర్ ఒంటె మీద కప్పించాడు.

"కదిలితే దొర తిడతాడు. నువ్వే దించుకో," అన్నాడు లఖ్దర్, ముకుతాడు పట్టుకుని కొయ్యలా నిలబడి.

"ఒంటె కరిస్తే?"

"అది కరవదు. నేనూ కరవను."

నవ్వు ఆపుకున్నాను. మా ఊళ్లో ఆడపిల్ల నేసిన మొదటి దుప్పటి ఒక్క ఒంటె మీదికే ఎక్కుతుంది. పెళ్లికొడుకు ఒంటె మీదికి.

"సంగతి తెలిసీ ఊరుకున్నావా?"

"కదలొద్దన్నాడుగా!"

ముఖం కదల్లేదు కానీ చెవులు ఎర్రబడ్డాయి. నేను దుప్పటి దించకుండానే ఇంటికి పరుగెత్తాను.

ఆ వారమంతా దుప్పటి ఎలా ఉందో చూడటానికే అటు వెళ్లాను. దుప్పటినే చూశానని మాత్రం చెప్పలేను.

బొమ్మ పూర్తయ్యాక దొర దాన్ని కాఫీ కొట్టు ముందు నిలబెట్టాడు. ఊరంతా మూగింది. మా అత్త గుండెలు బాదుకుంది.

"ఒరే తాహర్! నీ కూతురి దుప్పటి ఆ బిడారు కుర్రాడి ఒంటె మీదరా! ఇక దీన్ని ఎవరు చేసుకుంటారు?"

నాన్న దొర దగ్గరికి వెళ్లాడు. "ఆ ఎరుపు మీద నీలం పూసెయ్యండి దొరా."

దొర నిట్టూర్చి కుంచె అందుకున్నాడు. మర్నాడే లఖ్దర్ బిడారు దక్షిణానికి బయలుదేరుతోంది. ఆ నీలం పడిందా, మా కథ అంతటితో సరి.

"ఆగండి!" లఖ్దర్ అడ్డం వచ్చాడు. "మామా, ఆ దుప్పటిని ఉండనివ్వండి. బొమ్మలోనూ, నా ఒంటె మీదా."

"అప్పుడే మామనా?" నాన్న మీసాల కింద నవ్వు దాచుకుని నా వైపు తిరిగాడు. "ఏమ్మా ఖేరా, నువ్వేమంటావ్?"

అందరి కళ్లూ నా మీదే. నేను బొమ్మకేసి చూశాను. అందం కోసం దొర దుప్పటి చుట్టూ పసుపు కుచ్చులు వేశాడు.

"నా దుప్పటికి కుచ్చులు లేవు నాన్నా," అన్నాను మెల్లగా.

"అయితే?"

"బిడారు తిరిగొచ్చేలోగా కుట్టేస్తాను."