గ్లాసు కాడ

నాకు వైను తాగడం నేర్పింది జెస్సికా. ప్రొద్దుటూరు బస్టాండు ఎదురుగా జ్యూసు అంగట్లో, ద్రాక్షరసంతో. తనూ ఎప్పుడూ తాగింది లేదు. ఆస్పత్రిలో డ్యూటీ లేనప్పుడు ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుంది.

"కాడ పట్టుకోవాల అభీ. గ్లాసు బొజ్జ కాదు."

"ఈ గ్లాసుకు కాడ యాడుంది?"

"ఉందనుకో. మెల్లగా తిప్పు. వాసన సూడు. కొంచెమే నోట్లో పోసుకో. బాగుందని తలకాయ ఊపు. అంతే."

తిప్పాను. రసం చొక్కా మీద పడింది. ఆమె నవ్వలేదు. అప్పుడు వేసింది నాకు అసలు భయం.

భయం వాళ్లన్న రాజశేఖర్‌ది. తండ్రి పోయాక ఆ ఇంట్లో ఆయన మాటే మాట. ఎర్రగుంట్ల పక్క సిమెంటు ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం. పులివెందుల దగ్గర చీనీకాయల తోట చేసుకునే నాకు చెల్లెల్ని ఇవ్వాలా వద్దా తేల్చుకోవడానికి, గండికోట దారిలో కొత్తగా పెట్టిన రిసార్టుకు భోజనానికి రమ్మన్నాడు. వైను నువ్వే ఆర్డరు చేయాలని ముందే చెప్పాడు. తెలిసినట్టు చెబితే తాగుబోతు అనుకుంటాడా, తెలియదంటే మొద్దు అనుకుంటాడా? అది జెస్సికాకూ అంతుపట్టలేదు.

ఆ రోజు వాన పట్టుకుంది. అద్దాల అవతల కొండలు కనిపించడం లేదు. రాజశేఖర్ నాకెదురుగా, జెస్సికా నా పక్కన కూర్చున్నారు. మెనూ తెరిస్తే ఒక్క పేరుకూ నోరు తిరగలేదు. తెలియనిది వెయిటర్ని అడుగు, అడగడం తప్పు కాదని జెస్సికా చెప్పింది గుర్తొచ్చింది. పొట్టేలు కూరలోకి ఏది బాగుంటుందో అదే తెమ్మన్నాను. రాజశేఖర్ కనుబొమ్మ కొంచెం లేచింది. మంచికో చెడ్డకో తెలియలేదు.

సీసా వచ్చింది. వెయిటర్ మూత తీసి, నా గ్లాసులో గుక్కెడు పోసి ఆగాడు. రుచి చూసి బాగుందో లేదో నేను చెప్పాలి. ముగ్గురూ నన్నే చూస్తున్నారు.

తిప్పడం మరిచిపోయాను. వాసన మరిచిపోయాను. ఆ ఎరుపు, ఆ గుక్కెడు, ఆ నిశ్శబ్దం. నా చేతులకు తెలిసింది ఒక్కటే, మా చర్చిలో ప్రభు సంస్కారమప్పుడు ఒకరి నుంచి ఒకరికి పోయే ద్రాక్షరసపు గిన్నె. రెండు చేతులూ గ్లాసును చుట్టుకున్నాయి. తల వంగింది. ఓ చుక్క తాగి, జేబురుమాలుతో అంచు తుడిచి, పక్క మనిషికి అందించాను.

అందించాక తెలిసింది, ఏం చేశానో. చెవులు కాలిపోయాయి. వెయిటర్ సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

జెస్సికా అన్న వైపు చూడలేదు. రెండు చేతులతో గ్లాసు తీసుకుని, తల వంచి తాగింది. చున్నీ కొసతో అంచు తుడిచి ఆయనకు చాచింది.

రాజశేఖర్ గ్లాసు వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. చివరికి అందుకున్నాడు. ఆయన చేతులూ రెండూ ముందుకొచ్చాయి.

"శానా పుల్లగుంది," అన్నాడు తాగి. కిటికీ వైపు చూస్తూ అన్నాడు: "మా నాయన చర్చిలో గిన్నె అంచు ఇట్లే తుడుస్తాండె."

వెయిటర్ని పిలిచి సీసా తీసేయమని, మూడు మజ్జిగలు తెమ్మని చెప్పాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఆదివారం మా చర్చికి మీ అమ్మను పిల్చుకరా అప్పా. ఆరాధన అయినాక మాట్లాడుకుందాం."

జెస్సికా నా చెవి దగ్గరికి వంగింది. ఏదో మంచి మాట అంటుందనుకున్నాను.

"బొజ్జ పట్టుకున్నావు," అంది.