ఆరు లారీల్లో ఒకటి

నూనె మిల్లు ల్యాబ్ మనిషి పొద్దున్నే యంత్రం పక్కన శవమై దొరికాడు. గుప్పిట్లో చీటీ: "దాణాలో విషం. ఆరు లారీల్లో ఒకటి."

తొమ్మిదింటికి గూఢచారి శాఖ చీఫ్ ముందు జిడ్డు నిలబడ్డాడు. పట్టుకుంటే వదలడని ఈ గూఢచారికి శాఖ పెట్టిన పేరది. చీఫ్ స్వయానా అతని భార్యకి అన్న. ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

"కూర్చోకు, కుర్చీకి అంటుకుంటావ్. అడవి ఆముదం తెలుసా?"

"బయోడీజిల్ మొక్క. బీడులోనూ బతుకుతుంది, మట్టిని కొట్టుకుపోనివ్వదు, పొగ తగ్గిస్తుంది."

"అది ముఖం. వీపు కూడా చూడు. ఆశపడి మంచి పొలాల్లో వేస్తే తిండిగింజలకి చోటుండదు. నూనె తీయగా మిగిలిన పిండి తింటే పశువు చస్తుంది. దాన్నే విదేశీ పెట్రోల్ ముఠా దాణా బస్తాల్లో నింపింది. పశువులు చస్తే జనమే ఆ మొక్కల్ని పీకేస్తారు. పన్నెండింటికి దాణా గోడౌన్ నుంచి లారీలు కదుల్తాయి. అన్నీ ఆపితే ముఠా జారుకుంటుంది. మొదట వెళ్లేది మీ పిన్ని డెయిరీకి."

జిడ్డు నవ్వు ఆరిపోయింది. తల్లి లేని తనని ఆ డెయిరీ పాలతోనే పెంచింది పిన్ని.

"గోడౌన్‌లోని దాణా ఇన్‌స్పెక్టర్ మన మనిషే, మందారం. ఇదిగో, విషం కనిపెట్టే పెన్ను. పారేశావో, జీతంలో కోస్తా."

పదకొండున్నరకి జిడ్డు హమాలీ వేషంలో గోడౌన్ చేరాడు. పెన్ను ప్రతి బస్తాకీ ఎర్రగా వెలిగింది. హమాలీల అన్నం డబ్బాకీ వెలిగింది. తక్కువ టెండరుకి కొన్న పెన్ను తెలివితేటలు!

నల్లకళ్లద్దాలు, ఎర్రటి పెదాలతో మందారం కారు దిగింది.

"ఎండ మండిపోతోంది," జిడ్డు కోడ్ చెప్పాడు.

"గొడుగు తడిసింది," అందామె. గొంతు తగ్గించింది. "నాలుగోది. దాన్నాపు, మిగతావి వదిలెయ్."

లారీ కదిలేముందు ఇన్‌స్పెక్టర్ దాణా రుచి చూడాలి, ముక్కిపోయిందో లేదో తెలియడానికి. గోడౌన్ మొత్తం చూస్తుండగా చూడాలి, అదే ఆనవాయితీ. ఆమె ఒక్కో లారీలో చూపుడువేలు ముంచి నాకింది. ఒకటి, రెండు, మూడు... నాలుగోదీ నాకేసింది!

విషమని తనే చెప్పిన లారీ!

ఆరో లారీలో చూపుడువేలే ముంచింది. నోట్లో పెట్టుకున్నది మాత్రం మధ్యవేలు.

"ఓహో," అనుకున్నాడు జిడ్డు. "మందారం మందకే మందు పెడుతోందన్నమాట!"

పన్నెండుకి నిమిషం. గేటు లేచింది. గేటు దగ్గరున్న ఆరో లారీ ఇంజినే ముందు గర్జించింది. జిడ్డు బానెట్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఆ వేలు కాదు. పక్క వేలు నాకండి."

హమాలీలు బస్తాలు దించి దగ్గరికొచ్చారు.

"తప్పుకోరా, కూలి వెధవా!" మందారం అరిచింది.

"ఒక్క చిటికె. తిని చూపిస్తే నా మీద నుంచే పోనివ్వండి."

ఆమె తినలేదు, పిస్టల్ తీసింది. జిడ్డు విసిరిన గుప్పెడు దాణా ఆమె కళ్లద్దాల మీద పడింది. గుండు పైకప్పుకి తగిలింది. హమాలీలు ఆమె చేయి విరిచి పిస్టల్ లాక్కున్నారు. డ్రైవర్ తాళంచెవి జిడ్డు జేబులోకి చేరింది. లారీ గేటుకి జానెడు ఇవతలే ఆగింది.

సాయంత్రం చీఫ్ రిపోర్టు చదివి మూతి ముడిచాడు.

"మొక్కది తప్పేం లేదు. ఎక్కడ నాటామన్నదే ముఖ్యం."

"నన్నీ శాఖలో నాటింది నువ్వే కదా బావా!"

"అందుకేరా, చుట్టుపక్కల ఇంకేదీ మొలవట్లేదు."