దేవవ్వ పాట, లింబాద్రి కేక

ఆ రోజు కూడా కామారెడ్డిలో అన్ని రోజుల్లాగే తెల్లవారింది. భూదవ్వ వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పి చల్లింది. లింబాద్రి ఎడ్లకు కుడితి పెట్టాడు. పదేళ్ల దేవవ్వ కొట్టం గుంజకు ఆనుకుని, నోట్లోని వేపపుల్లను తీసి తీసి పాడుతోంది. తేడా అల్లా ఒక్కటే, ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడం లేదు. ఏం చెప్పాలన్నా కూతురి ద్వారానే చెప్పుకుంటున్నారు. "సద్ది గట్టిన అని మీ బాపుకు చెప్పు" అని ఆమె, "సూసిన అని మీ అవ్వకు చెప్పు" అని ఈయన. మధ్యలో పిల్ల ఆ మాటలకు రాగం కట్టి అప్పజెప్పేది. అప్పుడు ఇద్దరికీ నవ్వొచ్చేది. కానీ పంతం పంతమే కనుక చెరో వైపు తిరిగి నవ్వుకునేవారు.

ఈ గొడవంతా నాటకం కంపెనీతో వచ్చింది. లింబాద్రి స్టేషన్ దగ్గర ఎడ్లబండి తోలుకునే మనిషి. రైలు దిగిన మూటలూ పెట్టెలూ ఊళ్లకు చేరవేయడం అతని పని. ఆ మధ్య ఒకనాడు రైల్లోంచి రంగుతెరలూ, అట్ట కిరీటాలూ, హార్మోనియం పెట్టే, ఒక కట్టె సింహాసనమూ దిగాయి. హైదరాబాదులో తెర మీద మాట్లాడే సినిమా బొమ్మలు వచ్చాయని అప్పటికే చెప్పుకుంటున్నారు గానీ, ఈ వైపు జనానికి ఇంకా నాటకమే స్వర్గం. బండి మీద సింహాసనం ఎక్కించగానే దేవవ్వ దాని మీదికెక్కి కూర్చుని, ఊరంతా వినేట్టు పాట అందుకుంది. వెనకాలే నడిచి వస్తున్న కంపెనీ మేనేజరు కిష్టయ్య ఆ గొంతు విని ఆగిపోయాడు.

వాళ్ల నాటకంలో అడవిలో తప్పిపోయిన రాజుగారి చిన్నబిడ్డ వేషం ఒకటుంది. ఆ వేషం కట్టే అమ్మాయి ఆ ఏటి వానాకాలంలో ఒక్కసారిగా ఎదిగిపోయి, రాజు పక్కన నిలబడితే రాజే బిడ్డలా కనిపిస్తున్నాడట. ఇంకేముంది, కొద్ది రోజుల్లోనే దేవవ్వ ముఖానికి రంగు పడింది. తల్లిని వెతుక్కుంటూ ఆ చిన్నబిడ్డ పాడే పాట పిల్లకు మంచినీళ్లు తాగినంత సులువుగా పట్టుబడింది.

నాటకంలో పాట నచ్చితే జనం "వన్స్‌మోర్" అంటారు. అన్నారంటే మళ్లీ పాడి తీరాలి, అది కంపెనీ కట్టుబాటు. యుద్ధంలో చచ్చిపడ్డ సేనాపతి అయినా సరే లేచి, దుమ్ము దులుపుకుని, పాట ఇంకోసారి పాడి, ఇంకోసారి చావాల్సిందే. లింబాద్రికి ఈ ముచ్చట తెలిసిన సాయంత్రమే, ముందు వరసలో చాప మీద కూర్చుని, కూతురి పాట ముగియగానే గొంతెత్తి ఒక్క కేక పెట్టాడు. వెనక జనం అందుకున్నారు. వేదిక మీద బిడ్డ అతని వైపే చూసి మళ్లీ పాడింది. పాపం, అతని బతుకులో అడిగింది అడిగినట్టు దొరకడం అదే మొదటిసారి. షావుకారును అడిగినా, పటేలును అడిగినా, దేవుణ్ని అడిగినా రానిది, ఆ ఒక్క మాటకు వచ్చింది. ఇక ప్రతి ఆటకూ అడిగాడు. మేనేజరు తెలివైనవాడు గనక, లింబాద్రి చాపను రోజూ తానే ముందు వరస నడుమ వేయించేవాడు.

కామారెడ్డిలో ఆటలు అయిపోయాయి. ఇక ఎల్లారెడ్డిలో కొన్నాళ్లు ఆడి, తిరిగి వచ్చి రైలెక్కి, నాందేడు మీదుగా మరాఠీ దేశం పోతారట. పిల్లను తమతో పంపమన్నాడు కిష్టయ్య. ఆ మాట విన్నప్పటి నుంచి లింబాద్రి కాళ్లు నేల మీద లేవు. కళ్లు మూస్తే చాలు, ఎక్కడో పెద్ద పట్నం, గోడల మీద కూతురి బొమ్మ, దారిన పోయేవాళ్లంతా ఆగి చూడటం. భూదవ్వ మాత్రం, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టుంది నీ కథ అంది. ఆ తర్వాత నవ్వు మాని సూటిగా అడిగింది.

"పదేండ్ల పిల్లను రైలెక్కిస్తవా? జరమొస్తె ఎవరి ఒళ్లె పంటదయ్యా?"

ఇంట్లో పుట్టిన మాణిక్యం ఇంట్లోవాళ్లకు కనబడదన్నాడు లింబాద్రి. మాటలు అక్కడితో ఆగిపోయాయి. చివరికి ఎల్లారెడ్డి భూదవ్వ తల్లిగారి ఊరు కనుక, ఆమె కూడా వచ్చి అక్కడి ఆట చూడాలనీ, చూశాకే పంపేదీ మానేదీ తేల్చుకోవాలనీ పిల్ల రాయబారంతో ఒప్పందం కుదిరింది.

ఆ పొద్దు బండ్లు కదిలాయి. మోదుగులు పూసే కాలం. దారికి రెండు వైపులా అడవి ఎర్రగా వెలుగుతోంది. ఎడ్ల మెడల్లో గంటలు ఒకే తీరుగా మోగుతుంటే, పగ్గాలు పట్టుకున్న లింబాద్రికి ఆ దారి ఎల్లారెడ్డికి పోతున్నట్టు లేదు, ఆ గోడల మీద బొమ్మలున్న పట్నానికే పోతున్నట్టుంది. తెరల మూటల మీద తల్లీకూతుళ్లతో పాటు గంగాబాయి కూర్చుంది. కంపెనీలో అందరికన్నా పెద్దది. దెగ్లూరు వైపు మనిషి. చిన్ననాడే కంపెనీలో చేరి, ఇప్పుడు రాజమాత వేషాలు కడుతోంది. భూదవ్వ ఆగలేక అడిగింది, పిల్లను ఇట్లా పంపేవాళ్లు ఏం చూసుకుని పంపాలని.

గంగాబాయి ఆకుకు సున్నం రాస్తూ చెప్పింది. "అందరు పిల్ల మొఖం సూస్తరు, గొంతు సూస్తరు. నువ్వు వేరేటియి అడుగు బిడ్డా. రాత్రి పిల్ల పక్కన ఎవరు పండుతరు? ఆకలైతె ఎవరికి చెప్పుకుంటది? ఇయ్యాల నాతోని గాదు అంటె, సరే అనెటోళ్లు ఒక్కలన్న ఉన్నరా? ఉంటె పంపు. లేకుంటె ఎంత పెద్ద కంపెనీ అయినా పంపకు."

మరి నీకు ఉన్నారా అవ్వా అని అడిగింది భూదవ్వ. గంగాబాయి నవ్వి, ఆకు నోట్లో పెట్టుకుని, అడవి వైపు తిరిగింది. లింబాద్రికి ఈ మాటలు సగమే వినబడ్డాయి. విన్న సగం ముసలివాళ్ల చాదస్తమనిపించింది.

దారిలో చలిగాలి తగిలి దేవవ్వకు జలుబు పట్టింది. ఆట రోజు పొద్దున పిల్ల గొంతు బొంగురుగా ఉంది. ఈ పూటకు వద్దని భూదవ్వ అంది. రంగు పూసుకుంటే అదే సర్దుకుంటుందని లింబాద్రి అన్నాడు. పిల్ల ఇద్దరినీ చూసి, పాడతానంది.

పల్లెల నుంచి వచ్చినవాళ్లు తిరిగి పోవాలి కనుక పొద్దుగూకగానే ఆట మొదలైంది. పెట్రోమాక్సు వెలుగులో తెర మీది అడవి నిజం అడవికన్నా అందంగా ఉంది. అందులోంచి దేవవ్వ నడిచి వచ్చింది. తన పాక, తన బండి, తన ఎడ్లు అన్నీ మరిచిపోయాడు లింబాద్రి. ఆ బిడ్డ తన ఇంట పుట్టిందంటే అతనికే నమ్మబుద్ధి కాలేదు. పాట ముగిసింది. కేక పెట్టాడు. పిల్ల పాడింది. మళ్లీ పెట్టాడు. పిల్ల అతని వైపు చూసి చిన్నగా నవ్వి, ఊపిరి పీల్చుకుని మళ్లీ పాడింది. ఇంకోసారి పెట్టాడు. ఈసారి పాట పైకెక్కే చోట పిల్ల నోరు తెరిచింది గానీ, గొంతు రాలేదు. హార్మోనియం ఒక్కటే మోగింది. పిల్ల చేతులు చాచి అట్లాగే నిలబడిపోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తెర పడింది.

లింబాద్రి పరుగెత్తాడు. తెర వెనక గంగాబాయి అడ్డం నిలబడింది. లోపల భూదవ్వ పిల్లను ఒళ్లో వేసుకుని వేడినీళ్లు తాగిస్తోంది.

"ఇప్పుడొచ్చినవా తమ్మీ?" అంది గంగాబాయి. "కన్నోళ్లు కూసునే జాగ ముందర గాదు. మా నాయిన గూడ ముందరనే కూసుండె."

పక్కకు తొలగింది.

తెల్లారి తల్లిగారి ఇంటి అరుగు మీద భూదవ్వ నోరు విప్పింది. ఈసారి పిల్ల ద్వారా కాదు, నేరుగా అతనితోనే. "జనం అడిగిన్రు అంటవేమో. నేను ఆడోళ్ల దిక్కు కూసోని అంత సూసిన. రెండోసారి పాడినంక జనం ఊకున్నరు. నువ్వు ఊకోలేదు."

"నా బిడ్డ గొప్పగుండాలనే గదనే."

"బిడ్డ గొప్పగుండుడా, నువ్వు గొప్పగుండుడా?"

లింబాద్రికి కోపం నషాళానికెక్కింది. ఏ తండ్రీ ఇంత సంబరపడి ఉండడని, మెచ్చుకోవడం కూడా తప్పేనా అని ఏదేదో అన్నాడు. భూదవ్వ కూడా తగ్గలేదు. అప్పుడు గొంగడి కప్పుకుని పడుకున్న దేవవ్వ లేచి కూర్చుంది. గొంతు పెగలడం లేదు. ఇద్దరూ దగ్గరికి జరిగితే గానీ ఆ మాట వినబడలేదు.

"బాపును అనకవ్వా. పాడుడంటె నాకు పానం." తండ్రి వైపు తిరిగింది. "జనంల నీ గొంతు నాకెర్కనే బాపు. గొంతు నొస్తుండె. కని నువ్వే అడుగుతున్నవు గదా, ఎట్ల ఆపుత?"

లింబాద్రి అరుగు మీద కూలబడ్డాడు. ఆ పాట జనం కోసమూ కాదు, కంపెనీ కోసమూ కాదు. తండ్రి అడుగుతున్నాడని పిల్ల పాడింది. చాలు అనాల్సిన ఒక్క మనిషీ ఇంకా ఇంకా అంటూ కూర్చున్నాడు. ఆ తలపు రాగానే అతనికి కన్నీళ్లు ఆగలేదు. పిల్ల కాళ్లు పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. భూదవ్వ వచ్చి అతని వీపు మీద చెయ్యి వేసింది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ కలిసి కిష్టయ్య దగ్గరికి పోయారు. పిల్ల ఈ ఏడు రైలెక్కదని, గొంతు బాగయ్యాక ఎల్లారెడ్డిలో మిగిలిన ఆఖరి ఆట మాత్రం ఆడుతుందని, పాట ఒక్కసారే పాడుతుందని చెప్పాడు లింబాద్రి. ఎదిగాక ఇష్టపడితే అప్పుడు తల్లి వెంట వస్తుందన్నాడు. మేనేజరు కట్టుబాటు సంగతెత్తాడు. ఇన్నేళ్లు ఆ కట్టుబాటు మోసిన దాన్ని నేను చెబుతున్నా, ఒప్పుకో అంది గంగాబాయి. ఆమె మాట అతను తీసేయలేకపోయాడు.

ఆఖరి ఆటనాడు లింబాద్రి, భూదవ్వ తెర వెనక తాళ్ల పక్కన నేల మీద కూర్చున్నారు. అక్కడి నుంచి దీపాల వెలుగూ, రంగుల అడవీ కనబడవు. అతుకుల గుడ్డ, వెదురుబొంగులు, నడుమ కూతురి వీపు, అంతే. పాడే ముందు ఆ సన్నని భుజాలు వణకడం లింబాద్రి మొదటిసారి చూశాడు. పాట మొదలయ్యాక వణుకు ఆగింది. గొంతు తేటగా, ఏ తొందరా లేకుండా పైకి లేచింది. భూదవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కదలకుండా వింది. తన బిడ్డ ఇంత బాగా పాడుతుందని ఆమె కూడా అప్పుడే ఒప్పుకుంది.

పాట అయిపోయింది. జనం గోలగోలగా వన్స్‌మోర్ అన్నారు. దేవవ్వ జనం వైపు చూడలేదు, మేనేజరు వైపూ చూడలేదు. తల తిప్పి తెర సందులోంచి తండ్రిని చూసింది. లింబాద్రికి ఆ పాట ఇంకోసారి వినాలని ప్రాణం కొట్టుకుంది. అయినా రెండు చేతులూ చాచాడు.

"చాలు బిడ్డా. రా."

పిల్ల ఒక్క పరుగున వచ్చి అతని మీద వాలింది. దాని గుండె దడదడ కొట్టుకుంటోంది. ఇన్ని ఆటల్లోనూ ఇట్లాగే కొట్టుకుని ఉంటుంది కదా అనుకున్నాడు. దగ్గరికి పొదువుకుంటే పిల్ల ముఖం మీది రంగు అతని చెంపకంతా అంటుకుంది. అది చూసి భూదవ్వకు నవ్వొచ్చింది. ఈసారి అటు తిరగకుండా అతన్ని చూసే నవ్వి, కొంగుతో ఆ రంగు తుడిచింది. తుడుస్తుంటే అతని కన్నీళ్లకు కొంగు తడిసింది. బయట జనం ఇంకా పిలుస్తూనే ఉన్నారు, దేవవ్వ మాత్రం తండ్రి ఒళ్లోనే నిద్రపోయింది.