ఒకటో తారీఖు మ్యూచువల్

"ఆ నక్షత్రాన్ని నువ్వు దించుతావా, నన్ను దించమంటావా?"

కంట్రోల్ రూమ్ గుమ్మంలో నిలబడి రోహిణి గద్దించింది. స్టూలెక్కి గోడకి రంగు కాగితాల నక్షత్రం కడుతున్న అభిలాష్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. స్టూలు ఊగింది. తిట్టడానికొచ్చిన మనిషే పరుగెత్తుకొచ్చి స్టూలు పట్టుకోవాల్సొచ్చింది.

"హ్యాపీ క్రిస్మస్ కూడా చెప్పకుండా గొడవకొచ్చావేటి?" అన్నాడు పైనుంచి.

"ఫర్నేస్‌కి పండగల్లేవు. నాకూ లేవు. దిగు."

"నీకు చలంటే ప్రాణం గదా! చలికాలంలో వచ్చే పండగలు నిన్నేం చేశాయి యార్?"

"మామిడిపండు ఇష్టమైతే, దాని మీద వాలే ఈగల్ని కూడా ఇష్టపడాలేటి?"

అభిలాష్ పడీపడీ నవ్వాడు. నక్షత్రం మాత్రం దిగింది. రోహిణితో వాదించి నెగ్గినవాడు ఆ ఫ్యాక్టరీలో ఇంకా పుట్టలేదు మరి.

జంషెడ్‌పూర్ పక్కన గమ్హరియాలోని ఆ ఫ్యాక్టరీలో ఇద్దరూ ఆపరేటర్లే. ఆమె డ్యూటీ దిగే వేళకి అతను ఎక్కుతాడు. ఫర్నేస్ సంగతులు అప్పజెప్పడానికి నాలుగు మాటలు చాలు. వీళ్ళిద్దరికీ మాత్రం ఆ నాలుగు మాటలు గేటు బయట టీ కొట్టు దాకా సాగేవి. అతను ముందే వచ్చేవాడు, ఆమె ఆలస్యంగా వెళ్ళేది. ఎందుకని ఎవరైనా అడిగితే ఇద్దరూ చలి మీదకి నెట్టేసేవాళ్ళు.

నిజానికి రోహిణికి చలంటే అంత పిచ్చి. పొగమంచులో తనుండే గోల్‌మురి నుంచి స్కూటర్ మీద బయల్దేరితే ఖర్కాయ్ వంతెన మీద నది కనపడదు, ముక్కు ఉందో లేదో తెలీదు. అదే ఆమెకి స్వర్గం. వీధి చివర బొగ్గుల మీద కాలే లిట్టీ ఉండల వాసన, క్వార్టర్ మెట్ల మీద ఎండ కాగుతూ వలుచుకునే నారింజపళ్ళు, ఇవి దొరికితే ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు.

కానీ బడా దిన్, అదే క్రిస్మస్, వచ్చిందా, అయిపోయిందే! మకర్ సంక్రాంతి దాకా ఊరు ఊరంతా పిక్నిక్కే. డిమ్నా చెరువు గట్టు మీద చెట్టుకో సౌండ్ బాక్సు, బాక్సుకో పాట. అది చాలక మన తెలుగువాళ్ళ పిక్నిక్కొకటి. అందులో పిన్నులందరూ చుట్టూ చేరి, "ఏటే, ఈ ఏడైనా పప్పన్నం పెడతావా లేదా?" అని పీక్కుతినడం. మ్యూజికల్ చైర్స్‌లో బలవంతంగా పరుగెత్తించడం. అందుకే పండగ రోజు తనకి ఆఫ్ పడితే చాలు, రోహిణి దాన్ని ఎవరికో ఒకరికి మ్యూచువల్ ఇచ్చేసేది. అంటే నీ డ్యూటీ నేను చేస్తాను, నా డ్యూటీ ఇంకోరోజు నువ్వు చెయ్యి అని. ఇచ్చిన మ్యూచువల్ వెనక్కి తీసుకున్నవాళ్ళ మొహం ఆ ఫ్యాక్టరీలో ఎవరూ చూడరు.

ఏడాది చివర్లో ఓ మధ్యాహ్నం, టీ కొట్టు దగ్గర అభిలాష్ తెగ నసిగాడు.

"రోహిణీ, ఒకటో తారీఖు నాకు పొద్దుటి షిఫ్ట్ పడింది. నీకు ఆఫ్. మ్యూచువల్ ఇత్తావా?"

"పక్కా. తీసుకో. ఇంట్లో ఉంటే మా అమ్మ నన్ను డిమ్నాకి ఈడ్చుకెళ్తాది."

"ఎందుకో అడగవా?"

"కేకు తినడానికి. నీకింకేం పనుంది?"

"పెళ్ళిచూపులు," అన్నాడు.

వేడి టీ రోహిణి నాలుక కాల్చింది.

"అమ్మ పిక్నిక్‌లోనే సెట్ చేసింది. ఫొటో చూడనన్నాను. పేరు కూడా చెప్పొద్దన్నాను. వెళ్తాను, బిర్యానీ తింటాను, నచ్చలేదని చెప్పి వచ్చేత్తాను."

"నచ్చితేనో?"

అభిలాష్ ఆమె కళ్ళలోకి చూశాడు. "నువ్వు వద్దంటే అసలు వెళ్ళను."

వద్దు అనడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? రెండక్షరాలు. కానీ పౌరుషం ఉందే, అది మనిషిని ముంచేదాకా ఊరుకోదు.

"నేనెవర్ని వద్దనడానికి? మ్యూచువల్ ఇచ్చేశాను. ఆల్ ది బెస్ట్!" అని హెల్మెట్ పెట్టేసుకుంది. కళ్ళు తడిశాయని అతనికి తెలియకూడదు కదా.

ఒకటో తారీఖు, ఇంకా తెల్లవారలేదు. వంటింట్లో గారెలు వేస్తున్న నూకమ్మ, బూట్లు వేసుకుంటున్న కూతుర్ని చూసి గరిటె వదిలేసింది.

"ఓలమ్మా! ఈయేల నీకు ఛుట్టీ గదే! ఎక్కడికెల్తన్నావు?"

"మ్యూచువల్ ఇచ్చేశానమ్మా."

"ఎవుడికిచ్చావే? ఆడి జిమ్మడ! ఒసే, ఆగవే, నీతో మాటున్నాది. పట్టుచీర తీసి ఉంచినాను..."

"పిక్నిక్‌కి పట్టుచీరెందుకమ్మా, మ్యూజికల్ చైర్స్ ఆడ్డానికా?" అంటూనే రోహిణి స్కూటర్ స్టార్ట్ చేసింది. వెనక నుంచి తల్లి అరుపులు వినపడుతూనే ఉన్నాయి.

అంత దట్టమైన పొగమంచు ఆ ఏడాదిలో పడలేదు. వేరే రోజైతే వంతెన మీద గొంతెత్తి పాడేది. ఇవాళ ఏడుపొచ్చింది. తనకి ఇష్టమైనవాడు ఇంకో పిల్లని చూడ్డానికి వెళ్తున్నాడు. వాడి డ్యూటీ తను చేస్తోంది. ఇంతకన్నా తెలివితక్కువ ఆడది జంషెడ్‌పూర్‌లో ఉంటుందా అని తన్ను తనే తిట్టుకుంది.

కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఫర్నేస్ వేడి చూస్తోందే కానీ, మనసంతా డిమ్నా గట్టు మీదే ఉంది. ఈపాటికి కూర్చుని ఉంటారు. ఆ పిల్ల సిగ్గుపడుతూ ప్లేటు అందించి ఉంటుంది. ఎర్రగా, బుర్రగా ఉందేమో. పండగలంటే ఇష్టమేమో కూడా. రేపు మొదటి పనిగా అభిలాష్‌కి మనసులో మాట చెప్పేయాలి. ఈలోపు తాంబూలాలు పుచ్చేసుకుంటేనో?

అప్పుడే ల్యాండ్‌లైన్ మోగింది.

"రోహిణీ, నేనే. పిల్ల రాలేదు." అవతల అభిలాష్. వెనకాల సౌండ్ బాక్సుల హోరు.

రోహిణికి లేచి గంతెయ్యాలనిపించింది. "అయ్యో పాపం," అంది.

"మా అమ్మకి కోపమొచ్చింది. సామాను సర్దేస్తోంది. పిల్ల తల్లేమో ఏడుస్తోంది."

"నీకు మంచిదే కదా. ఎలాగూ వద్దందామనుకున్నావు."

"అనుకున్నాను. ఇప్పుడే ఫొటో చూశాను. ఈ పిల్లని తప్ప ఇంకెవర్నీ చేసుకోను."

"ఎవరా మహాతల్లి?" అంది రోహిణి.

"గోల్‌మురి పిల్ల. నోరు పెద్దది. చలంటే ప్రాణం, పండగంటే పరార్. ప్రస్తుతం నా డ్యూటీ చేస్తోంది."

అంతలోనే అవతల ఫోన్ చేతులు మారింది.

"నీకు చెప్తే పారిపోతావని దాచినాను గదే!" నూకమ్మ గొంతు. "చెప్పకపోయినా పారిపోనావు. నా పరువు తీసినావు!"

"అమ్మా, వాళ్ళబ్బాయికే మ్యూచువల్..."

ఫోన్ మళ్ళీ చేతులు మారింది. ఈసారి అభిలాష్ తల్లి లలితకుమారి. ఆవిడకి పాటల గోలలో ఏమీ వినపడటం లేదు. "ఆ డబ్బా ఆపండెహే!" అని ఓ కేకేసి ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. ఒక్కసారిగా అవతల నిశ్శబ్దం.

"సూడమ్మా, మేం వత్తన్నామని తెలిసే డ్యూటీకి ఎల్లిపోనావేటి? మావోడు అంత కానివాడేటి? ఇట్టం లేదంటే ఇప్పుడే సెప్పు. మా దారిన మేం పోతాం."

ఈ మాటు రోహిణి పౌరుషానికి పోలేదు. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నేను పారిపోయింది పిక్నిక్ నుంచండీ, మీ అబ్బాయి నుంచి కాదు. మీ అబ్బాయి ఎవర్నో చూసుకోడానికెళ్ళాడని పొద్దుట్నుంచి ఏడుస్తున్నాను. నాకు తనంటే ఇష్టం అత్తయ్యా. చాలా ఇష్టం. మీరెక్కడికీ వెళ్ళొద్దు!"

వెంటనే అవతల్నుంచి ఈలలు, చప్పట్లు, ప్లేట్ల మీద చెంచాల మోత! పిక్నిక్‌కొచ్చిన తెలుగువాళ్ళందరూ విన్నారన్నమాట. రోహిణి చెవుల దాకా ఎర్రబడి ఫోన్ పెట్టేసింది. ఆ గోల మాత్రం ఆమెకి మొదటిసారి తీయగా వినపడింది.

షిఫ్ట్ దిగి గేటు దాటేసరికి టీ కొట్టు పక్కన, డిమ్నా నుంచి అందరూ వచ్చిన పిక్నిక్ వ్యాన్ ఆగి ఉంది. బెంచీ మీద బిర్యానీ గిన్నె, గారెల డబ్బా. అభిలాష్ విస్తరాకు ప్లేటు పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఆ రోజే వద్దని ఉంటే ఇంత కథ ఉండేదా?" అన్నాడు నెమ్మదిగా.

"నువ్వు ఫొటో చూసి ఉంటే ఉండేదా? తప్పు నా ఒక్కదాందేటి?"

"నాది కూడా. ఇంక ఎవర్నీ చూడ్డానికి వెళ్ళను. ప్రామిస్."

నూకమ్మ కూతుర్ని ఎగాదిగా చూసి నెత్తి కొట్టుకుంది. "పట్టుచీర ఇంటికాడుండిపోనాది. గుంటేమో మసి మొహంతో, బూట్లతో వచ్చినాది వదినా!"

"ఉండనీ వదినా. నాకు నిజం మాటాడే గుంట కావాల. దొరికినాది," అని లలితకుమారి తన శాలువా తీసి రోహిణి భుజాల మీద కప్పింది. "ముహూర్తం మాత్రం వచ్చే బడా దిన్ అప్పుడు పెట్టుకుందారి. అందరికీ ఛుట్టీలుంటాయి."

"వద్దత్తయ్యా! ఈ మాఘంలోనే పెట్టండి. చలి ఇంకా ఉంటాది. ఈ పండగలన్నీ అయిపోతాయి."

"మరి పెళ్ళి పండగ కాదేటి?" అభిలాష్ కళ్ళెగరేశాడు.

రోహిణి అందరి ముందూ అతని చెయ్యి పట్టుకుంది. "ఆ పండగ నాది. దానికి అందరికంటే ముందు నేనే వత్తాను."