పది నిమిషాలు ఆగే మనిషి

గౌరీశ్వరి ఇడ్లీ గిన్నె పొయ్యి మీద నుంచి దించేసరికే నీలకంఠం గుడ్డసంచి చంకన పెట్టుకుని గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"రెండు ఇడ్లీలు తినీసి ఎల్లండి."

"వచ్చేక తింతాను."

"పూర్ణా మార్కెట్ మన సందు సివరే ఉంది గానీ ఎలమంచిలిలో లేదు కదా! ఎనిమిదికి ఎల్తారు, పదికి వత్తారు. తెచ్చేది సూత్తే ఒక్క కట్ట తోటకూర. అదీ వాడిపోయింది."

పోర్టులో ముప్పయ్యేళ్ళు క్రేను నడిపి రిటైరైన మనిషికి పెళ్ళాం సణుగుడు ఒక లెక్కలోది కాదు. చెప్పులు తొడుక్కుని లేచాడు. గుమ్మం పక్కనే కంప్యూటర్ ముందు కూతురు మధులత కూర్చుని ఉంది. అక్కడ గోడ తప్ప ఇంకేమీ లేనట్టే ఆయన దాటుకుని మెట్లు దిగిపోయాడు.

ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఇదే వరస. తండ్రి కూతురితో మాట్లాడడు. "దాన్ని తినమను", "దాన్ని తలుపేసుకోమను" అంటూ అన్నీ గౌరీశ్వరి చెవిలోనే పడేస్తాడు. ఇద్దరి మధ్యా ఆవిడ పచ్చడైపోతోంది.

మధులత ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతుంది. కిందటేడు స్నేహితులతో కలిసి, అరువు కెమెరాతో ఒక గంట సినిమా తీసింది. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు మోసే కుర్రాడి కథ. ఆ వేషం వేసింది ఆమె అన్న సాయిశంకర్. వాడికి నటన రాదు. కానీ కెమెరా ముందు ఊరికే నిలబడినా చూపు తిప్పుకోబుద్ధి కాదు, అలాంటి మొహం వాడిది. ఆఖరి రోజు షూటింగ్ భీమిలిలో. వెళ్ళిపోతానన్నవాణ్ని "ఇంకొక్క షాటన్నయ్యా" అని చెల్లెలు ఆపింది. అది ముగించుకుని మోటారుసైకిల్ మీద వస్తుంటే లారీ గుద్దింది.

పెద్దకర్మ నాడు చుట్టాలందరి ముందూ నీలకంఠం ఒకే ఒక్క మాట అన్నాడు. "నీ సినిమా నా కొడుకుని తినీసింది." ఆ తర్వాత ఇంట్లో సినిమా ఊసెత్తకూడదన్నాడు. కూతురి పేరూ ఎత్తడం మానేశాడు.

ఆ గంట సినిమాని ఏ హాలువాడు వేస్తాడు? అన్న మొహం కనీసం నలుగురికైనా కనబడాలని మధులత తనకొచ్చిన నాలుగు ముక్కలతో రెండు నెలల కింద ఒక వెబ్‌సైట్ తయారు చేసింది. మొదటి పేజీలో, సినిమాలో అన్న పడవ దగ్గర కూర్చుని తండ్రితో మాట్లాడే చిన్న వీడియో పెట్టింది. తెలిసినవాళ్ళందరికీ ఈమెయిల్లో ఉత్తరాలు రాసింది, చూసి ఎలా ఉందో చెప్పమని. పేజీకి వేసిన ఊదారంగు కళ్ళు పోగొడుతోందని ఒకరన్నారు. పైన అక్షరాలు అటూ ఇటూ పరిగెడుతున్నాయి, వాటిని కాస్త కూర్చోబెట్టమని ఇంకొకరు. హైదరాబాద్‌లో ఇదే పని చేసే రోహిత్ మాత్రం వివరంగా రాశాడు: "మొదటి పేజీలో ఆ వీడియో తీసెయ్. నెట్ సెంటర్లో అది రావడానికి పది నిమిషాలు పడుతుంది. ఎవరూ ఆగరు."

నిజమేననిపించింది మధులతకు. నిన్న సాయంత్రమే వీడియో తీసేసి, దాని చోట హార్బర్ ఫొటో ఒకటి పెట్టింది. ఇప్పుడు రోహిత్‌కి ఆ సంగతే రాస్తోంది.

ఎనిమిదిన్నర కూడా కాలేదు, నీలకంఠం తిరిగొచ్చేశాడు. సంచి ఖాళీగా ఉంది. చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చి, తిన్నగా మధులత కుర్చీ ముందు నిలబడ్డాడు.

"ఆణ్నెందుకు తీసీసినావు?"

ఎనిమిది నెలల తర్వాత తండ్రి తనతో అన్న మొదటి మాట అది.

"ఎవర్ని నాన్నా?"

"ఎవర్నంటావేటి! కంప్యూటర్లో పడవ కాడ ఆడు కూకోలేదా? సత్యం నాలుగుసార్లు కొట్టి సూసినాడు. లేడు. ఆణ్ని ఏటి సేసినావు?"

సత్యం సాయిశంకర్ స్నేహితుడు. మార్కెట్ వెనక సందులో నెట్ సెంటర్ నడుపుతున్నాడు. వెబ్‌సైట్ చూడమని మధులత రాసినవాళ్ళలో అతనూ ఉన్నాడు. తండ్రి రోజూ ఎక్కడికి వెళ్తున్నాడో మధులతకు అప్పుడు తెలిసింది.

"ఆ వీడియో బరువు నాన్నా. రావడానికి పది నిమిషాలు పడతాదని, అంతసేపు ఎవరూ ఆగరని రోహిత్ రాసినాడు. అందుకని..."

"ఎవరూ ఆగరా?" అన్నాడు నీలకంఠం. "నాను ఆగుతన్నాను కదే! రెణ్నెల్ల బట్టి రోజూ ఆగుతన్నాను. మద్దిలో కరెంటు పోతే మళ్ళీ మొదట్నుంచి కూకున్నాను. ఆ పచ్చగీత నిండీదాకా సూత్తే, అప్పుడు కదా ఆడు ఇటు తిరుగుతాడు! 'నాన్నా, నాను వచ్చీసరికి లేటవుద్ది, నువ్వు తినీసి తొంగో' అంటాడు. ఆ ఒక్క మాట ఇందామనే ఎల్తన్నాను. ఇయ్యాల ఆడు రాలేదు."

వంటింటి గుమ్మంలో గౌరీశ్వరి చేతిలో ఇడ్లీల పళ్ళెం జారి కింద పడింది.

"రెణ్నెల్లు ఆణ్ని సూసొచ్చి నా ఎదర కూకుని అన్నం తిన్నారా మీరు? ఒక్క ముక్క సెప్పలేదే! మీరు వద్దన్నారని నాను ఆ కంప్యూటర్ మీద దుమ్మయినా తుడవలేదు. ఆడు నాకూ కొడుకే కదండీ!"

మధులత లేచి నిలబడింది.

"అక్కడిదాకా ఎందుకెల్లినావు నాన్నా? సినిమా మొత్తం ఇందులోనే ఉంది. ఈ గదిలోనే ఉంది. ఒక్కసారి నన్నడిగితే సూపించనా?"

"ఏ మొకం పెట్టుకుని అడుగుతాను?" అంటూ నీలకంఠం అలాగే నేల మీద కూలబడ్డాడు. "నలుగుర్లో నిన్ను అంత మాట అనీసినాను. గుద్దింది లారీ, నువ్వు కాదని నాకు తెలీదేటి? తెలుసు తల్లీ. ఆ రోజు ఎవర్నో ఒకర్ని అనకపోతే గుండాగిపోతాదనిపించింది. నువ్వు ఎదురుగుండా ఉన్నావు."

"నానే ఆపినాను నాన్నా. ఎల్లిపోతానంటే ఇంకొక్క షాటని నానే ఆపినాను." ఎనిమిది నెలలు దాచుకున్నదంతా ఒక్కసారి కట్టలు తెంచుకుంది. తండ్రి ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆయన చెయ్యి ఆమె తల మీద పడింది. గౌరీశ్వరి ఇడ్లీలు ఎత్తడం మర్చిపోయి వాళ్ళ పక్కనే చతికిలబడింది.

కాసేపటికి మధులత కళ్ళు తుడుచుకుని తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, వీపు వెనక్కి ఆనించాడు. రోజూ నెట్ సెంటర్లో అలాగే కూర్చుంటాడు కాబోలు. మధులత మౌస్ నొక్కింది.

వెంటనే పడవలు కనబడ్డాయి. గాలి మోత వినబడింది. సాయిశంకర్ తల తిప్పి నవ్వాడు.

"అప్పుడే వచ్చీసినాడా?" నీలకంఠం ఉలిక్కిపడ్డాడు.

ఆ మాట విని తల్లీకూతుళ్ళకు మళ్ళీ ఏడుపు ఆగలేదు. ఎన్నిసార్లు వేయించుకున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు. "పై గుండీ పెట్టుకోలేదు సూడండి, ఎప్పుడూ అంతే" అంటూ గౌరీశ్వరి తడిచేత్తోనే ఆ అద్దం తడిమింది.

మధులత ఫొటో తీసేసి వీడియోని మొదటి పేజీలో మళ్ళీ పెట్టింది. రోహిత్ ఏమైనా అనుకోనీ. అది ఎక్కుతుండగా నీలకంఠం గొంతు సవరించుకున్నాడు.

"అందులో ఇంకో తప్పు కూడా ఉందమ్మా."

"ఏటి నాన్నా?"

"ఆడు వచ్చీదాకా కాలీగా ఉంటాను కదా, కింద పేర్లన్నీ సదివీవోణ్ని. పడవిచ్చినోడి పేరుంది. టీ తెచ్చినోడి పేరూ ఉంది. సినిమా తీసిందానివి, నీ పేరేదీ?"

మధులత తల దించుకుంది. "పెట్టబుద్ధి కాలేదు నాన్నా."

"రాయి."

ఆమె చేతులు కదల్లేదు. నీలకంఠం కుర్చీ ముందుకు జరుపుకుని, పేజీ కింద కనబడుతున్న కొడుకు పేరు మీద వేలు ఆనించాడు.

"ఇక్కడ, ఆడి పక్కనే రాయి. అక్కడ మనోళ్ళెవరూ లేరు తల్లీ. ఆడొక్కడే ఉన్నాడు."