గాలిమరల కింద పిట్టలు

“చచ్చిన పిట్టల్ని లెక్కబెట్టేకి వచ్చినారా మేడమ్? ఈడ బతికినవాటినే ఎవరూ పట్టించుకోరు,” అన్నాడు వాచ్‌మన్ షాకీర్.

“గేటు తీసేది నీ పని. మాట్లాడేది కూడానా?” అంది నాజ్‌నీన్.

అది 2003. వరుసగా మూడో ఏడు వాన లేదు. ఆ బోడికొండ మీద ఇరవై గాలిమరలు. వాటి రెక్కలు తగిలి ఎన్ని పక్షులు చనిపోతున్నాయో తేల్చడం నాజ్‌నీన్ ఎమ్మెస్సీ ప్రాజెక్టు.

మూడు నెలలు ప్రతి సోమవారం వచ్చింది. షాకీర్ నీళ్ల సీసా పట్టుకుని వెంట నడిచేవాడు. ఆమె బైనాక్యులర్స్ ఇచ్చి పిట్టల పేర్లు నేర్పేది.

“అది గద్ద కాదప్పా, డేగ.”

“మీరుండంగా నాకు ఏ పిట్టా సరిగా కనపడదు మేడమ్.”

ఆమె నవ్వు దాచుకునేది.

చివరి సోమవారం చెప్పింది. “దొరికింది రెండే. పక్షులకి నష్టం లేదని రిపోర్టు రాసినా. ఇంక రాను.”

షాకీర్ ముఖం వాడిపోయింది. ఆమెను షెడ్డు వెనక్కి తీసుకెళ్లి పారతో తవ్వాడు. ఎముకలు, ఈకలు బయటపడ్డాయి.

“మీరొచ్చేలోపల ఏరేయమన్నాడు సూపర్‌వైజర్. నలభై ఒకటి పూడ్చినా. మీరు నేర్పినాక, వాటి పేర్లు గూడా తెలిసినాయి.”

“మూడు నెల్లు నా పక్కనే నడిచినావు కదా షాకీర్.”

“నాయనకి ఆయాసం. ఈ పని పోతే మందులకి దిక్కు లేదు. కానీ మీరు అబద్ధం కింద సంతకం పెడతాంటే చూడలేకపోయినా.”

ఆమె నేల మీద కూర్చుని ఒక్కో పిట్టనూ రాసుకుంది. వెళ్లేటప్పుడు అతని వైపు చూడలేదు.

ఆ లెక్క రిపోర్టుకెక్కింది. వారానికి షాకీర్ ఉద్యోగం పోయింది. కరువు పనికింద వేసే రోడ్డుకు రాళ్లు కొట్టాడు. నాలుగు నెలలకు, మబ్బు పట్టి కురవని ఒక మధ్యాహ్నం, నాజ్‌నీన్ బస్సు దిగి ఆ రోడ్డు పని దగ్గరికి వచ్చింది.

“నా రిపోర్టు చూసి, పిట్టలు వలసొచ్చే నెలల్లో ఆరు గాలిమరలు ఆపుతారంట.”

“మంచిదే మేడమ్.”

“నాకింకా కోపం పోలేదు.”

“తెలుసు.”

“అమ్మకి నీ గురించి చెప్పినా. పిట్టల్ని పూడ్చింది గూడా.”

షాకీర్ తల దించుకున్నాడు. “ఏమనింది?”

“ఆ పిల్లోని నాయన్ని ఒకసారి ఇంటికి రమ్మను, అనింది.”

అతను సుత్తి కింద పెట్టాడు. దుమ్ము పట్టిన చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

“శుక్రవారం నమాజ్ అయినాక రాండి,” అంది నాజ్‌నీన్. “నన్ను మేడమ్ అనేది మాత్రం ఈపొద్దుతో మానుకో.”